పుట్టిన ఊరు ఏది? సరిహద్దు గూడేల పిల్లలు, పుట్టుక కాగితం



పోయిన ఎండాకాలం మాలో నలుగురం చర్ల వైపు అడవిలో ఒక వలస గూడేనికి పోయాం. బడి ఈడు పిల్లల పేర్లు రాసుకుందామని. ఒక తల్లిని పాప ఎప్పుడు పుట్టిందని అడిగితే "ఇప్పపువ్వు రాలేటప్పుడు" అన్నది. ఏ సంవత్సరం అంటే, పెద్దదానికంటే రెండు ఇప్పపువ్వులు చిన్నది అని చెప్పింది. ఆ పాప ఆధార్‌లో జనవరి 1 అని ఉంది. పక్క గుడిసె పిల్లాడికీ జనవరి 1, వాళ్ళ నాన్నకూ జనవరి 1. మేము నవ్వాం గానీ తర్వాత నవ్వు రాలేదు. బర్త్ సర్టిఫికెట్ కోసం పోతే "మీది ఛత్తీస్‌గఢ్ కదా, అక్కడే తెచ్చుకోండి" అని తిప్పి పంపారట. పాప పుట్టింది మాత్రం ఇక్కడే, ఈ గుడిసెలోనే.

"మీది ఎక్కడ" అనే ప్రశ్న మన ముత్తాతల్ని అడిగితే ఏం చెప్పేవాళ్ళు? భద్రాచలం, రేకపల్లి ప్రాంతం 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది, అంటే బస్తర్ వైపు పాలనలోనే. ఆ ఏడు మద్రాసు ప్రెసిడెన్సీలో కలిపారు. పోడు మీద పన్ను మూడింతలైంది. 1879లో రంప పితూరీ రేకపల్లికి పాకడానికి అదొక కారణం. కూనవరంలో 1945లో పుట్టిన ఒక అవ్వ ఉందనుకోండి. ఆమె పుట్టినప్పుడు తూర్పు గోదావరి, మద్రాసు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 1959లో ఖమ్మం జిల్లా, 2014లో పోలవరం పేరుతో మళ్ళీ తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. అవ్వ గడప దాటలేదు. గీతే ఆమె ఇంటి మీదుగా అటూ ఇటూ తిరిగింది.

కోంట, చింతూరు, చర్ల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు మనకు తెలిసినవే. మిరపకాయల కోతకు అటు నుంచి ఇటు రావడం కూడా కొత్త కాదు. కోత అయిపోగానే తిరిగి పోయేవాళ్ళు. 2005 జూన్‌లో సల్వా జుడుం మొదలయ్యాక తిరిగి పోవడానికి చాలామందికి ఊరు మిగల్లేదు. ఇళ్ళు కాలిపోయాయి, జనాన్ని క్యాంపులకు తోలారు. ఇటు పోలీసులు, అటు దళాలు. పిల్లల్ని చంకనేసుకుని శబరి, తాలిపేరు వైపు వచ్చినవాళ్ళలో మురియాలు, దొర్లలు ఉన్నారు. వాళ్ళను "గుత్తికోయ" అన్నది మనమే. వాళ్ళు మాత్రం మనలాగే కోయితూర్ అంటారు. 2007 డిసెంబరులో శాంతా సిన్హా అధ్యక్షురాలిగా ఉన్న జాతీయ బాలల హక్కుల కమిషన్ బృందం దంతెవాడకు, ఖమ్మం జిల్లా గూడేలకు వచ్చి చూసింది. 2011 జులై 5న సుప్రీంకోర్టు, ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ఎస్పీవోలుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధం అన్నది. అప్పుడు చంకలో ఉన్న పిల్లలకు ఇప్పుడు పిల్లలు పుడుతున్నారు. తల్లికి కాగితం లేదు, బిడ్డకూ లేదు.

ఇప్పుడు చట్టం సంగతి. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుక ఎక్కడ జరిగిందో అక్కడే రాయాలి. తల్లిదండ్రులు ఎక్కడి నుంచి వచ్చారన్నది దానికి అడ్డం కాదు. పల్లెలో రాసేది పంచాయతీ కార్యదర్శి. 21 రోజుల్లోపు చెబితే ఫీజు లేదు, మొదటి నకలు ఉచితం. 30 రోజుల దాకా ఆలస్య రుసుము. ఏడాది లోపు అయితే స్వయంగా సంతకం చేసిన ధ్రువపత్రం, పై అధికారి అనుమతి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు, మన దగ్గర అంటే ఆర్డీవో ఆఫీసు. పంచాయతీలో "రికార్డులో లేదు" అనే కాగితం తీసుకుని మీసేవలో పెట్టాలి. పేరు పెట్టకముందే నమోదు చేయొచ్చు, పేరు తర్వాత చేర్చుకోవచ్చు. నిజంగా బస్తర్‌లో పుట్టిన పిల్లలకు మాత్రం అక్కడే చేయించాలి. ఇక్కడ పుట్టారని రాయించే పని మనం చేయొద్దు. ఒక్క దొంగ కాగితం దొరికితే వంద నిజమైనవి ఆగిపోతాయి.

2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. బడి, ఓటు, లైసెన్సు, ఉద్యోగం, అన్నిటికీ వయసు రుజువు అదే కాబోతోంది. అయితే విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ఉంది: వయసు రుజువు లేదని ఏ బిడ్డనూ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. ఇది గుర్తుపెట్టుకోండి, హెడ్‌మాస్టర్లకు చెప్పాల్సి వస్తుంది.

మనలోనే కొందరికి భయం ఉంది. "సర్టిఫికెట్ ఇస్తే మన రిజర్వేషన్ తింటారు, పోడుకు పట్టా అడుగుతారు" అని. ఆ భయాన్ని ఎగతాళి చేయలేం, భూమి పోగొట్టుకున్న జాతి మనది. కానీ పుట్టుక కాగితం కులం కాగితం కాదు. మన ఎస్టీ జాబితాలో కోయ కింద గుట్టకోయ అనే పేరు కూడా ఉంది, అయినా వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళకు ఆ హోదా వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. అటవీ హక్కుల చట్టానికీ 2005 డిసెంబరు 13 అనే గడువు ఉంది. బర్త్ సర్టిఫికెట్ వల్ల ఆ తేదీ మారదు.

2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావు గారిని చంపేశారు. అది ఘోరం, దాంట్లో రెండో మాట లేదు. ఆ తర్వాత గూడెం మొత్తాన్ని వెళ్ళగొట్టాలని పంచాయతీలో తీర్మానం చేశారు. ఆ గూడెంలో ఉయ్యాలలో ఉన్న పిల్ల ఏం చేసింది? ఎక్కడా పేరు లేని పిల్లను పంపించేయడం తేలిక. రిజిస్టర్‌లో పేరుంటే, కనీసం ఫలానా బిడ్డ ఫలానా ఊర్లో పుట్టిందని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి.

మన దగ్గర పని ఇలా నడుస్తోంది. ముందు ఏడాది లోపు పసిపిల్లలు, వాళ్ళది సులువు. తల్లీబిడ్డ కార్డు, అంగన్‌వాడీ రిజిస్టర్, ఆశా అక్క నోటుబుక్కు, ఈ మూడింట్లో ఒకదాంట్లో తేదీ దొరుకుతుంది. కాన్పు చేసిన మంత్రసానిని కూడా అడగాలి, ఆమెకు అన్నీ గుర్తుంటాయి. కోయమాట బాగా వచ్చినవాళ్ళు ప్రతి జట్టులో ఒకరు ఉండాలి. తల్లిని తేదీ అడగొద్దు. విజ్జ పండుం ముందా వెనకా, కొత్తల పండుం అయ్యిందా, వాన పడుతోందా అని అడిగి, పక్క కాన్పులతో సరిచూసుకుని, అప్పుడు క్యాలెండర్ తియ్యాలి.