ఎవరి చెయ్యి వాళ్ల తలమీదే

పొద్దు గూకి చాలాసేపయింది. మాదిగ గూడెం చివర చింతచెట్టు కింద పరిచిన ఈతచాప మీద మీరూ ఇరుక్కుని కూర్చున్నారు. ఇది 1920ల నాటి నైజాం రాజ్యం. డోర్నకల్ స్టేషన్ నుంచి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. ఏ ఊరని అడక్కండి, ఆ చుట్టుపక్కల ఇలాంటి రాత్రిని చాలా ఊళ్లే చూశాయి. పగలు ప్రార్థన పెడితే ఒక్కరూ రాలేరు, దొర పొలం వదలదు. అందుకే అందరూ కోతల నుంచి వచ్చి, ఇంత గటక తాగి, ఇప్పుడు చేరారు. బాప్తిస్మం తీసుకునేవాళ్లు తలకు నూనె రాసుకుని ముందు వరసలో ఉన్నారు. లాంతరు గాజు ఒకవైపు మసిబారింది. అటువైపు కూర్చున్న ఆడవాళ్ల మొహాలు సగమే కనిపిస్తున్నాయి.

"తండ్రిగారొచ్చిండ్రు!"

బండి దిగుతున్న పొట్టి, దిట్టమైన మనిషి బిషప్ వి.ఎస్. అజరయ్య. ఈయనది ఈ నేల కాదు, తిరునల్వేలి ప్రాంతం. 1903లో అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతోనే సువార్త పని చేద్దామని సంఘం పెట్టుకున్నారు. అందులో ముందు నిలిచినవాళ్లలో ఈయన ఒకరు. ఆ సంఘం మిషనరీలను పంపింది ఈ డోర్నకల్‌కే. అజరయ్య మాత్రం వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశం తిరుగుతూ, వెళ్లండి, వెళ్లండి అని కుర్రాళ్లకు చెబుతూ ఉండిపోయారు. పదిమందికి చెప్పిన ఆ మాట చివరికి ఆయన్నే పట్టుకుంది. 1909లో ఉద్యోగం వదిలేసి ఇక్కడికి వచ్చి గుడారం వేసుకున్నారు. ముప్ఫై ఐదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నారు. 1912లో కలకత్తాలో బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు ఈయనే.

పిలుపంటే కలలో వెలుగు కనిపించాలి, పేరు పెట్టి ఎవరో కేకేయాలి అనుకునేవాళ్లకు ఈ కథ చప్పగా ఉంటుంది. నాకైతే ఇదే నమ్మబుద్ధేస్తుంది. తన నోటి మాటకు తానే దొరికిపోవడం కన్నా గట్టి పిలుపు ఏముంటుంది?

ముందు బిషప్ అడిగే ప్రశ్నలు. తరిమికొట్టాల్సిన దయ్యాలు నాలుగు, ఏవి? మురికి, రోగం, అప్పు, తాగుడు. మొదటి మూడూ గట్టిగానే వినిపించాయి. నాలుగోదాని దగ్గర వెనక వరసలో మగవాళ్ల గొంతు కాస్త తగ్గింది. మీ పక్కావిడ మొగుడి వైపు ఓరగా చూసింది.

తర్వాత నీళ్లు. ఒక నడివయసు పాలేరు లేచాడు. కొడవలి పట్టి పట్టి వేళ్ల మొదళ్లలో కాయలు కాచాయి. బొటనవేలి కింద పాత కోత మచ్చ. నెత్తిమీద పోసిన నీళ్లు చెవి వెనక నుంచి మెడమీదికి కారుతున్నాయి, తుడుచుకోవచ్చో లేదో తెలియక అలాగే నిలబడ్డాడు. ఇప్పుడు ఆ చేతిని ఎత్తి తన తలమీదే పెట్టుకోమన్నారు. గురువుకు అభిషేకం చేసేటప్పుడు బిషప్ వచ్చి తలమీద చెయ్యి ఉంచుతారు. ఇక్కడ పాలేరు చెయ్యి పాలేరు తలమీదే. తాను బాప్తిస్మం పొందినవాణ్నని, సువార్త చెప్పకుండా నోరు మూసుకుంటే తనకు శ్రమ తప్పదని, పౌలు కొరింథు సంఘానికి రాసిన మాటను ఒక్కో ముక్కా అందుకుని పలికాడు. పక్కనే భార్య, ఆమె చెయ్యి ఆమె తలమీద. ఆమెకు మినహాయింపేమీ లేదు. డోర్నకల్‌లో ఊరి ఉపదేశులను తయారుచేసే చోట కూడా భార్యలకు మొగుళ్లతో పాటు చదువు చెప్పేవారు.

1941 నాటికి ఈ డయోసీస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. అందులో ఎంత భాగం బోధకుల ప్రసంగాల పుణ్యమో, ఎంత భాగం బావలు బామ్మర్దులకు చెప్పుకున్నదో లెక్క తేల్చడం కష్టం.

పాటలయ్యాయి. బిషప్ పెద్దమనుషులతో మాట్లాడుతుంటే పాలేరు ఊరి ఉపదేశి పక్కకు చేరాడు.

"అయ్యగారూ, నెత్తి మీద చెయ్యి వెట్టి అనుడైతే అంటిని. నాకు అచ్చరం ముక్క రాదు. ఎవలికి జెప్పాలె, ఏం జెప్పాలె?"

"మీ బామ్మర్దిది ఏ ఊరు?"

"వాగవతల. కానీ వాడు నన్ను జూస్తేనే కల్లు ముంత తీస్తడు. తాగుడు బంజేసిన్నంటే నమ్మడు."

"నమ్మకపోతే మళ్లీ పోవాలె. ఎప్పుడు పోతవు?"

"కోతలైనంక జూద్దాం. ఒక్కపూట రాకపోయినా దొర గింజలు కోస్తడు."

"రాత్రి పోదాం. నేనూ వస్తా."

పాలేరు తల గోక్కున్నాడు. "వాగుల నీళ్లు సల్లగుంటయి అయ్యగారూ," అన్నాడు. ఉపదేశి అప్పటికే ఏ రోజు వెళ్లాలా అని వేళ్లమీద లెక్కేస్తున్నాడు.