నిజాంసాగర్ గోడకు పైన చేప, కింద చేప

మన బాన్సువాడ పొలాలకు నీళ్లిచ్చే నిజాంసాగర్ కథ చాలామంది చెప్పారు. ఈ ఎపిసోడ్‌లో నేను అదే కథను చేపల వైపు నుంచి చెప్తా.

మంజీరకు అడ్డంగా ఈ డ్యామ్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఏడో నిజాం కాలం అది. చీఫ్ ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. అంతకుముందు వానాకాలం వరద రాగానే గోదావరి చేప కందకుర్తి సంగమం దగ్గర మంజీరలోకి మళ్లి, ఎదురీదుకుంటూ పైకి పోవడానికి దారి ఉండేది. గోడ లేచాక ఆ దారి మూసుకుపోయింది. గేట్లెత్తితే పై చేప కిందికి కొట్టుకు రావచ్చు, కింది చేప మాత్రం పైకి ఎక్కలేదు. తర్వాత ఎగువన సింగూరు కూడా కట్టాక నది ముక్కలైంది.

అయితే ఏమైతది అంటారా? పారే నీళ్లలో గట్టిగా ఈదే ఒళ్లు పనికొస్తుంది, నిలిచిన నీళ్లలో ఇంకో రకం ఒళ్లు. ఎక్కడ ఏది బతికి గుడ్లు పెడితే, అక్కడ దాని గుణమే పిల్లలకు పోతుంది. రెండు గుంపులు కలవకపోతే తరతరానికీ తేడా పెరుగుతుంది.

దీనికి లక్షల ఏళ్లు పట్టాలని లేదు. అలాస్కాలో లోబెర్గ్ అనే సరస్సు ఉంది. 1982లో అందులోని చేపలను మందు పెట్టి చంపారు. తర్వాత సముద్రం నుంచి స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపలొచ్చి చేరాయి. 1990 నుంచి వాటిని గమనిస్తుంటే, ఒంటి పక్కన ఎముక పలకలు తక్కువున్న చేపలే పెరుగుతూ వచ్చాయి. కొన్ని దశాబ్దాల్లోనే గుంపు రూపం మారింది. నిజాంసాగర్ గోడకు 90 ఏళ్లు దాటాయి మరి!

ఇప్పుడు మన సంగతి. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా బొచ్చె, రవ్వ పిల్లలను వదులుతోంది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు అది బతుకుదెరువు, నేను వద్దనను. కానీ బయటి హేచరీ చేప, అదే జాతి స్థానిక చేపతో కలిసి గుడ్లు పెడితే, ఈ నీళ్లకు అలవాటైన గుణం పలచబడుతుంది. ఒకసారి పోతే కొనుక్కుందామన్నా దొరకదు. అందుకే నా మాట ఒక్కటే: ఏ నీళ్లలో వదలాలో, ఆ నీళ్ల తల్లిచేపల నుంచే పిల్లలను తీయాలి.