ఇరువది సారసములు

శ్లేషాలంకారం చెప్పవలసి వచ్చినప్పుడెల్లా నేను మన ప్రబంధాలనే ఆశ్రయించేవాడను. శ్లేషను కుంచెతో కూడ చెప్పవచ్చునని ఉద్యోగ విరమణ తరువాత చీనా చిత్రాలు చూస్తూ తెలిసికొన్నాను.

అక్కడి పక్షి చిత్రాలలో చాలవాటికి అర్థం ఉచ్చారణలో దాగి ఉంటుంది. తెల్లకొంగ 'లు', దారి కూడ 'లు'యే. తామర 'లియన్', ఎడతెగకుండ అనుటకూ అదే ధ్వని. కనుక తామరల నడుమ ఒంటికొంగను చిత్రిస్తే, వరుసగా పరీక్షలన్నీ నెగ్గుదువు గాక అని ఆశీర్వచనమన్నమాట. మనకు కొంగ అనగానే దొంగజపమే తలపునకు వస్తుంది. పాపం, ఆ పక్షి అక్కడ పుట్టి ఉంటే బాగుండేది! జంటబాతులు దాంపత్యానికి గుర్తు. మన చక్రవాకాల వలె వాటికి రేయి విరహం లేదు.

సారసం మాట వేరు. అది దీర్ఘాయువు, సిద్ధుల వాహనం. మింగ్, చింగ్ వంశాల కాలంలో అగ్రశ్రేణి పౌరాధికారి ఱొమ్ముపై కుట్టిన చిహ్నమూ అదే.

1100లో సింహాసనమెక్కిన సోంగ్ చక్రవర్తి హుయిజోంగ్ స్వయంగా చిత్రకారుడు, లిపికారుడు. 1112లో, సంవత్సరపు తొలి పున్నమి మఱునాటి సాయంకాలం, రాజధాని కైఫెంగ్‌లో కోటద్వారం మీద మేఘాలు క్రమ్మి సారసాలు వచ్చి చేరినవి. ఆ దృశ్యమే ఆయన పేర నిలిచిన పట్టుచిత్రం. మొత్తం 20 పక్షులు: 18 నీలాకాశంలో తిరుగుతుంటాయి, 2 కప్పు కొనలపై వాలి ఉంటాయి. కప్పు క్రింద అంతా మేఘమే. జనులు తలలెత్తి నమస్కరించారనీ, పక్షులు చాలసేపు తిరిగి వాయవ్యంగా వెళ్ళిపోయినవనీ ప్రక్కనే సన్నని అక్షరాలలో వ్రాసి ఉన్నది. రాజ్యానికి శుభశకునమని ఆయన నమ్మకం.

ఈయన చూపును గూర్చి 12వ శతాబ్దిలోనే డెంగ్ చున్ అనే రచయిత ఒక కథ వ్రాసిపెట్టాడు. మెట్టు ఎక్కుతూ కుడికాలు ఎత్తిన నెమలిని ఆస్థాన చిత్రకారులు వేయగా, నెమలి ముందు ఎత్తేది ఎడమకాలని చక్రవర్తి దిద్దాడట. నెమలి కాలును అంత నిశితంగా కనిపెట్టిన కన్ను ఉత్తర సరిహద్దున ఏమి జరుగుతున్నదో చూడలేదు. 1127లో జుర్చెన్‌లు కైఫెంగ్‌ను పట్టుకొని, అప్పటికే కొడుకునకు రాజ్యమప్పగించిన ఆయనను, ఆ కొడుకును, అంతఃపురాన్ని ఉత్తరానికి తరలించారు. 'మసకబారిన గుణం గల ప్రభువు' అన్న అర్థం వచ్చే బిరుదు కూడ అంటగట్టారు. 1135లో చెఱలోనే మరణించాడు.

ఇక ఆ చిత్రం వట్టి భట్రాజు పొగడ్తయేనా? ఫలానా పక్షి ఫలానా భావానికి ప్రతీక అని పట్టిక వేసి పిల్లలచేత వల్లె వేయించినవాడనే నేను కూడ. ఆ లెక్కన ఈ సారసాలు అబద్ధం చెప్పినట్లే. కాని శకునమని వ్రాసిన అక్షరాలను చేతితో కప్పి చూడండి. పక్షులు ఎగురుతూనే ఉంటాయి, ఆ రెండూ కప్పు మీద వాలియే ఉంటాయి. వాటికి చక్రవర్తితో పని లేదు.

ఆ పట్టుచుట్ట నేడు షెన్‌యాంగ్‌లోని లియావోనింగ్ ప్రాంతీయ ప్రదర్శనశాలలో ఉన్నది. ఆయనను బందీగా కొనిపోయిన ఈశాన్యపు దారిలోనే.