దండులో ఒకే బంతి

పెళ్ళిలో వందమందికి ఎసరు పెట్టాలంటేనే మనకి కాళ్ళూ చేతులూ ఆడవు. బియ్యం ఎన్ని మానికలు, పప్పు ఎంత, ఆఖరి బంతికి పులుసు మిగులుతుందా అని మూడురోజుల ముందునుంచే లెక్కలు. అలాంటిది వేలమంది సైనికులకి, అదీ ఊరుకాని ఊళ్ళో, రోజూ అన్నం పెట్టడమంటే మాటలా? మన చరిత్ర పుస్తకాలు తిరగేయండి. ఏ రాజు వెంట ఎన్ని ఏనుగులు నడిచాయో ఉంటుంది. ఆ పూట గుండిగ కింద మంట పెట్టిందెవరో మాత్రం ఉండదు. చరిత్ర రాసిన మగవాళ్ళకి వంటింటి ధ్యాస తక్కువ లెండి!

వెతికితే అక్కడక్కడ దొరక్కపోదు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు మీదికి దండెత్తినప్పుడు తోలుతిత్తులతో నీళ్ళు మోసేవాళ్ళు 12,000 మంది దారిపొడుగునా ఉన్నారని న్యూనిజ్ అనే పోర్చుగీసాయన రాసిపెట్టాడు. దాహంతో ఎవరూ ప్రాణం వదలకూడదని ఆ ఏర్పాటు. దండు విడిసిన చోట అంగళ్ళు వెలిసేవట. తరువాతి కాలంలో మొగలులకీ, నిజాముకీ, 1791-92లో టిప్పు సుల్తాను మీదికి వెళ్ళిన కారన్‌వాలిస్ దొరకీ ఎద్దుల మీద ధాన్యం చేరవేసినవాళ్ళు లంబాడీలే.

సరే, ధాన్యం వచ్చింది, నీళ్ళొచ్చాయి. అసలు చిక్కు అప్పుడు మొదలవుతుంది. పొయ్యిలెన్ని?

కంపెనీవారి బెంగాలు సైన్యంలో పైకులాల సిపాయిలు ఎవరి పొయ్యి వాళ్ళు పెట్టుకుని, ఎవరి చెంబుతో వాళ్ళు వండుకునేవారు. తుపాకులు పట్టుకుని భుజం భుజం ఆనించి నడిచేవాళ్ళు కాస్తా అన్నం వేళకి ఎవరికి వారే! దొరల సంగతి మరీ గొప్పగా లేదు. 1855లో క్రిమియా యుద్ధం జరుగుతుండగా లండనులో పేరుమోసిన వంటవాడు అలెక్సిస్ సోయర్, నైటింగేల్ అమ్మగారు రోగులకి సేవ చేస్తున్న స్కుటారి ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ ఒకే కాగులో ఉడుకుతున్న మాంసం ముక్కలకి గుడ్డపేలికలూ, బొత్తాలూ కట్టి ఉన్నాయట. ఏ ముక్క ఎవరిదో గుర్తుకోసం! కాగు ఒకటే కాని వంట ఒకటి కాలేదన్నమాట. ఆయన కొద్ది కట్టెలతో చాలామందికి వండే పొయ్యి ఒకటి తయారుచేశాడు. ఆ పొయ్యి బ్రిటిషు సైన్యంలో నూరేళ్ళకి పైగా నడిచింది.

ఇవన్నీ చదువుతుంటే నాకు మన పల్నాడే గుర్తుకొస్తుంది. పొయ్యి సంగతి లోకం ఆలోచించడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే, బంతి సంగతి తేల్చేసిన దండు మనది.

కథ మీకు తెలిసిందే. గురజాలలో నలగామరాజు, ఆయనకి మంత్రిణి నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయనకి అండ బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్ళు ఏడేళ్ళు వలస పోయారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్ళిన అలరాజుని విషం పెట్టి చంపారు. ఆ పగ 1182 ప్రాంతంలో నాగులేటి ఒడ్డున కారెంపూడిలో తెగింది. తెగడమంటే ఇరువైపులా వీరులు రాలిపోవడమే.

ఆ బ్రహ్మనాయుడు తన దండులో పెట్టిన పద్ధతే చాపకూడు. ఒకే చాప మీద అన్ని కులాలవాళ్ళూ కలిసి కూర్చుని తినే కూడు. మాలకులంలో పుట్టిన కన్నమదాసుని పెద్దకొడుకుగా పెంచి, సేనానిని చేశాడాయన. సేనానేమో వేరే బంతిలో కూర్చుంటే రేపు అతని మాట మీద ప్రాణం ఇచ్చేదెవరు? రాయబారిని విషంతో పోగొట్టుకున్నవాళ్ళకి పక్కవాడి చేతికూడు నమ్మి తినడమంటే ఏమిటో ఇంకొకరు చెప్పాలా?

వీరగాథలో ఇంకొక ఘట్టం ఉంది. యుద్ధానికి బయలుదేరిన బాలచంద్రుడికీ, తోడు వెళ్ళే మిత్రులకీ తల్లి ఐతమ్మ అన్నం వడ్డించింది. వాళ్ళలో బ్రాహ్మడైన అనపోతు మొదలు కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి దాకా ఉన్నారు. లోకరీతిని కులానికొక తీరు పాత్రలో పెట్టింది. చావుకి కలిసి పోతున్నవాళ్ళకి కంచాల్లో తేడాలెందుకని పిల్లలు కాదన్నారు. ఆ తల్లి మనసులో ఏమనుకుందో గాని, నాకు మాత్రం ఆ ఘట్టంలో కత్తులకన్నా కంచాలే ఎక్కువ చప్పుడు చేస్తాయి.

ఆ చాప మీద ఏం వడ్డించి ఉంటారంటారా? సాగర్ కాలువలకి 1967లో నీళ్ళు వదిలేదాకా పల్నాడు మెట్టసీమ. జొన్న, సజ్జ, కొర్రలే ఆధారం. ఇక్కడి జొన్నకూడు చూసి శ్రీనాథుడంతటివాడు చాటువుల్లో విసుక్కున్నాడని చెప్పుకుంటారు. విసుక్కున్నా, ద్విపదలో ఈ వీరుల కథ రాసిందీ ఆయనే. తిన్న జొన్నలకి రుణం తీర్చుకున్నాడనుకుందాం.

ఈనాటికీ కార్తీక అమావాస్య నుంచి అయిదురోజులు కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకొక పేరు. మందపోరు నాడు చాపకూడు వడ్డిస్తారు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి కలిసి తింటారు. రాజ్యాలు పోయాయి, కోటలు పోయాయి. దండులోని బంతి ఒక్కటీ మిగిలింది.

అయితే ఏడాదిలో అది ఒక్కరోజే. మిగిలిన రోజుల మాటేమిటని అడగాలనిపిస్తుంది నాకు. రెండు గ్లాసుల పద్ధతి నడిచిన టీకొట్లు మన ఊళ్ళలోనే ఉండేవి. అంతదాకా ఎందుకు, అంట్లు తోమే అమ్మాయికి కాఫీ పోయడానికని గోడమీద విడిగా బోర్లించిన సొట్టగ్లాసు ఎన్నిళ్ళలో లేదు? దండులో పద్ధతి మార్చడానికి బ్రహ్మనాయుడు కావలసివచ్చాడు. వంటింట్లో పద్ధతి మార్చడానికి ఏ నాయుడూ రాడు. అక్కడ గరిటె మన చేతిలోనే ఉంది. రేపు పొద్దున్న కాఫీ పోసేటప్పుడు ఆ సొట్టగ్లాసు తీసి లోపల పెట్టేసి, మనం తాగే గ్లాసుల్లోంచే ఒకటి అందుకుంటే సరి.