సాన్ త్రోపే రేవులో మన చరిత్ర



ఫ్రాన్సు దేశపు దక్షిణతీరాన, మధ్యధరా సముద్రపు ఒడ్డున, సాన్ త్రోపే అనే ఊరు ఒకటి ఉన్నది. రాతలో చివర ఒక హల్లు కనిపిస్తుంది గాని పలుకుబడిలో అది వినిపించదు. మనది అజంతభాష కనుక ఆ హల్లును మింగివేయటం మన నోటికి కష్టమేమీ కాదు. జనాభా సుమారు 4,000. మన లెక్కన ఒక మోస్తరు పల్లెటూరు. కాని వేసవి వచ్చిందంటే లోకంలోని ధనవంతులందరూ అక్కడే చేరుతారు. ఇంద్రభవనాల వంటి విహారనౌకలు రేవులో బారులు తీరి నిలుస్తాయి. గట్టుమీద కూర్చుని ఒక కప్పు కాఫీ తాగితే మన ఊళ్ళో నాలుగు భోజనాలకు సరిపడే సొమ్ము చెల్లించాలి.

యాత్రికుల కోసం రాసిన పుస్తకాలలో ఈ ఊరి గురించి ఉండే మాటలు రెండే: సినిమా, సముద్రస్నానం. 1956లో విడుదలైన ఒక చలనచిత్రంతో బ్రిజిత్ బార్దో అనే నటి పేరూ, దానితోపాటు ఈ ఊరి పేరూ ప్రపంచమంతటా మారుమోగినమాట నిజమే. కాని అంతకు చాలాకాలం ముందే ఈ ఊరికి మన దేశంతో ఒక బాంధవ్యం ఏర్పడింది. అది చూడదలచినవారికి విహారనౌక అక్కరలేదు. కాలినడకన ఒక పూట తిరిగితే చాలు. మా అమ్మాయి వద్ద కొన్నాళ్ళు ఉన్నప్పుడు నేనూ ఒకరోజు అలా తిరిగాను. ఆ నడకలో కంటబడినవాటిని ఆధారం చేసుకొని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందు దారి సంగతి. ఈ ఊరికి రైలు లేదు. సాన్ రఫాయెల్ అనే ఊళ్ళో రైలు దిగి బస్సులో గాని పడవలో గాని రావాలి. వేసవిలో ఉన్న ఒక్క రోడ్డూ బండ్లతో కిక్కిరిసిపోతుంది కనుక పడవ ఎక్కటమే తెలివైన పని. పడవలో రావటంలో ఇంకొక ఔచిత్యం కూడా ఉన్నది. ఈ ఊరికి పేరిచ్చిన పుణ్యపురుషుడు కూడా పడవలోనే వచ్చాడట. నీరో చక్రవర్తి కాలంలో తోర్పే అనే క్రైస్తవునికి పీసా నగరంలో శిరచ్ఛేదం చేసి, మొండెమును ఒక కోడిపుంజుతోను ఒక కుక్కతోను కలిపి పడవలో వేసి వదిలారనీ, ఆ పడవ కొట్టుకొని వచ్చి ఇక్కడ ఒడ్డు చేరిందనీ స్థలపురాణం. తరువాతి కాలంలో పాడుపడిపోయిన ఊరిని 1470లో జెనోవా ప్రాంతం నుంచి వచ్చిన సుమారు 60 కుటుంబాలవారు తిరిగి నిలబెట్టారు. పన్నులు కట్టనక్కరలేదు, ఊరిని కాపాడుకుంటే చాలు అన్నది వారితో జరిగిన ఒడంబడిక. ఆ మాట వారు నిలబెట్టుకున్నారు. 1637 జూన్ 15న 21 స్పెయిన్ యుద్ధనౌకలు మీదికి వస్తే ఊరివారే తిప్పికొట్టారు. నేటికీ మే నెల 16 నుంచి 18 వరకు ఒకసారి, జూన్ 15న మరొకసారి పాతకాలపు సైనికవేషాలు ధరించి, తుపాకులు పేలుస్తూ ఊరేగుతారు. ఈ ఉత్సవాన్ని బ్రావద్ అంటారు. ఆ రోజులలో వెళ్ళగలిగినవారు అదృష్టవంతులు.

రేవులో దిగగానే గట్టుమీద ఎత్తయిన పీఠంపై ఒక కంచు విగ్రహం కనిపిస్తుంది. 1866లో నెలకొల్పినది. విగ్రహం ఎవరిదంటే పియేర్ ఆంద్రే ద సుఫ్రెన్ అనే నౌకాసేనానిది. ఆయన 1729లో ప్రొవాన్స్ సీమలోనే మరొక ఊళ్ళో పుట్టాడు. ఆయన వంశంవారు సాన్ త్రోపేకు ప్రభువులు. విగ్రహం చుట్టూ కాఫీ దుకాణాలు, ఐస్‌క్రీము తింటున్న పిల్లలు, ఫొటోలు తీసుకునే జనం. వారిలో ఆయన పేరు ప్రతిష్ఠలు సంపాదించినది మన బంగాళాఖాతంలోనని ఎందరికి తెలుసునో!

1782 ఫిబ్రవరి నుంచి 1783 జూన్ వరకు, పదహారు నెలల వ్యవధిలో, సుఫ్రెన్ ఆంగ్ల నౌకాసేనాని ఎడ్వర్డ్ హ్యూస్‌తో అయిదు యుద్ధాలు చేశాడు. మొదటిది మద్రాసుకు దక్షిణాన సద్రాస్ వద్ద, తరువాత రెండు సింహళతీరాన ప్రొవిడియన్, ట్రింకోమలీల వద్ద, ఆ రెంటికీ నడుమ ఒకటి నాగపట్నం వద్ద, చివరిది కడలూరు వద్ద. అప్పటికి పుదుచ్చేరి ఆంగ్లేయుల చేతిలో ఉన్నది. ఓడలు బాగుచేసుకోవటానికి ఫ్రెంచివారికి ఈ తీరంలో సొంత రేవన్నది లేదు. అయినా సుఫ్రెన్ మారిషస్‌కు తిరిగిపోలేదు. ఒక ఓడ కొయ్య విరిగితే ఇంకొక ఓడది పీకి తగిలించాడు. ట్రింకోమలీని పట్టుకొని దానినే రేవుగా చేసుకున్నాడు. తుపానుల కాలం సుమత్రా ద్వీపంలోని అచేలో గడిపి మళ్ళీ వచ్చాడు. 1782 జులైలో మైసూరు పాలకుడు హైదరాలీ కడలూరు వద్ద ఈయనను స్వయంగా కలుసుకున్నాడు. అయిదు యుద్ధాలలోను ఒక్క ఓడనైనా శత్రువుకు పట్టుబడనివ్వలేదన్నది ఆయన ఘనత. హ్యూస్ కూడా ఒక్క ఓడను పోగొట్టుకోలేదన్నది ఆ ఘనతకు పక్కనే రాసుకోవలసిన మాట.

ఇక్కడ తెలుగువారికి బాగా తెలిసిన మనిషి ఒకడు కథలోకి వస్తాడు. ఆయన బుస్సీ. మూడు దశాబ్దాలకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాడిని. బొబ్బిలి యుద్ధం చెప్పినప్పుడల్లా పిల్లలు కన్నార్పకుండా వినేవారు. 1757 జనవరి 24న కోట నేలకూలటం, తాండ్ర పాపయ్య విజయరామరాజును హతమార్చటం అయిన తరువాత ఎవడో ఒక కుర్రవాడు లేచి, "మరి ఆ ఫ్రెంచివాడు ఏమయ్యాడండీ?" అని అడిగేవాడు. మన కథలలో బుస్సీ అక్కడితో మాయమవుతాడు. చరిత్రలో మాయం కాలేదు. 1758లో లాలీ ఆజ్ఞపై దక్షిణానికి వెళ్ళాడు. 1760లో వందవాసి యుద్ధంలో ఆంగ్లేయులకు చిక్కాడు. తరువాత ఫ్రాన్సు చేరుకొని ఐశ్వర్యంతో బతికాడు. మళ్ళీ 1783లో, అరవై దాటిన వయసులో, రోగపీడితుడై సేనాధిపతిగా ఈ తీరానికే వచ్చాడు. కడలూరులో ఆంగ్ల సైన్యం ఆయనను చుట్టుముట్టింది. బయటపడే దారి కనబడని ఆ స్థితిలో సముద్రం మీదుగా వచ్చి ఆదుకున్నవాడు సుఫ్రెన్. జూన్ 20న యుద్ధం జరిగింది. హ్యూస్ మద్రాసుకు తొలగిపోయాడు. కొద్దిరోజులకే యూరపులో సంధి కుదిరిందన్న వార్త ఓడలో వచ్చింది. నిజానికి సంధి షరతులపై జనవరిలోనే సంతకాలయ్యాయి. ఓడ నడిచే వేగానికే వార్త నడిచే ఆ రోజులలో, ముగిసిపోయిన యుద్ధం కోసం కడలూరు ముందు వందలమంది చచ్చిపోయారు. బుస్సీ 1785లో పుదుచ్చేరిలో కన్నుమూశాడు. ఆనాడు అడిగిన కుర్రవాళ్ళలో ఎవరైనా ఇది చదువుతున్నట్లయితే, మీ ప్రశ్నకు జవాబులో సగం సాన్ త్రోపే రేవుగట్టున నిలబడి ఉన్నది నాయనా.

విగ్రహం దాటి ఊళ్ళోకి నడుద్దాం. గాంబెత్తా వీధిలో పాన్ దేయి పాలే అనే మేడ కనిపిస్తుంది. ఇప్పుడది ఖరీదైన హోటలు. పేరు ఫ్రెంచిమాట కాదేమిటి అని ఆగితే ఒక కథ దొరుకుతుంది.

జాఁ ఫ్రాంస్వా అలార్ 1785లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. నెపోలియన్ సేనలో ఆశ్వికుడు. 1815లో నెపోలియన్ పతనం తరువాత కొలువు పోయి పర్షియా దారి పట్టాడు. 1822లో వెంతూరా అనే ఇటలీవానితో కలిసి లాహోరు చేరి మహారాజా రంజిత్ సింగ్ కొలువులో కుదిరాడు. సిక్కు ఆశ్వికదళానికి యూరపు పద్ధతిలో శిక్షణ ఇచ్చాడు. గొడ్డుమాంసం తినరాదు, గడ్డం తీయరాదు, ఇక్కడి పిల్లనే పెళ్ళాడాలి అని మహారాజు షరతులు పెట్టాడని చెప్తారు. 1826లో అలార్ హిమాలయపాదాన ఉన్న చంబా సంస్థానపు పిల్లను పెళ్ళాడాడు. ఆమె పేరు బన్నూ పాన్ దేయి.

ఈ కథను సాన్ త్రోపేలో ఒక ప్రేమగాథగా చెప్తారు. వినటానికి బాగుంటుంది. అయితే ఆమె 1814లో పుట్టింది. పెళ్ళినాటికి ఆమెకు 12 ఏళ్ళు, ఆయనకు 41. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకొని ఆ గాథను వినాలి. మన కన్యాశుల్కపు ముసలి వరులను తిట్టుకున్న నోటితో దీనిని మాత్రం శృంగారకావ్యంగా చదవటానికి నాకు మనసొప్పదు.

1834లో అలార్ సెలవు తీసుకొని భార్యాబిడ్డలతో ఫ్రాన్సుకు బయలుదేరాడు. 1835లో ఈ మేడ కట్టించాడు. 1836లో తాను ఒక్కడే లాహోరుకు తిరిగి వెళ్ళాడు. భార్యను ఎందుకు వదిలివెళ్ళాడన్నదానికి అక్కడివారు చెప్పే కారణం ఒకటి ఉన్నది. తాను అక్కడ చనిపోతే ఆమెను సహగమనం చేయిస్తారేమోనని భయపడ్డాడట. ఆయన మనసులో ఏమున్నదో ఆయనకే ఎరుక. జరిగినది మాత్రం ఇది: 1839 జనవరిలో అలార్ పెషావరులో మరణించాడు. లాహోరులో, అంతకుముందే పోయిన కూతురి పక్కన, ఖననం చేశారు. అదే ఏడాది జూన్ 27న రంజిత్ సింగ్ కూడా మరణించాడు. ఆ చితిపై నలుగురు రాణులు, ఏడుగురు దాసీలు ఆహుతయ్యారు.

ఆ మంటలు లేచిననాడు బన్నూ పాన్ దేయి ఇక్కడ, ఈ సముద్రపు ఒడ్డున, పాతికేళ్ళ వితంతువు. ఇంకా 45 ఏళ్ళు బతికింది. 1841లో క్రైస్తవమతం స్వీకరించింది. చంబాకు తిరిగి వెళ్ళలేదు. 1884లో ఇక్కడే కన్నుమూసింది. చుట్టూ తన భాష మాట్లాడే పెద్దలు లేని ఊరిలో నాలుగున్నర దశాబ్దాలు! పండుగ వచ్చినా, జ్వరం వచ్చినా నోటికి వచ్చే మొదటిమాట తల్లిభాషలోనిదే కదా! ఆ మాట ఎవరితో అని ఉంటుంది? విదేశాలలో స్థిరపడిన మన పిల్లలు కంప్యూటరు తెరపై తెలుగు అక్షరం కనబడితే ఎందుకు అంతగా పొంగిపోతారో ఆ మేడ ముందు నిలబడినప్పుడు నాకు బాగా బోధపడింది.

2016లో ఈ ఊరివారు రంజిత్ సింగ్ కంచు ప్రతిమను ఊళ్ళో ప్రతిష్ఠించారు. అలార్ ప్రతిమా, బన్నూ పాన్ దేయి ప్రతిమా కూడా ఉన్నాయి. సేనానికి 1866లోనే విగ్రహం వచ్చింది. చంబా పిల్లకు మరొక 150 ఏళ్ళు పట్టింది. అయినా వచ్చింది, సంతోషం.

ఇక మిగిలిన పూటను ఎలా గడపాలో చెప్తాను. కొండమీది పాతకోటలో 2013 నుంచి నౌకాచరిత్ర ప్రదర్శనశాల నడుస్తున్నది. చేపలు పట్టి, ఓడలు కట్టి, దూరసముద్రాలు తిరిగి పొట్టపోసుకున్న ఊరు ఇది అని అక్కడ తెలుస్తుంది. కోట దిగువన అలలకు ఆనుకొని శ్మశానవాటిక ఉన్నది. అంత ప్రశాంతమైన చోటు ఊళ్ళో మరొకటి లేదు. రేవుపక్కన అనోన్సియాద్ అనే పాత ప్రార్థనామందిరంలో 1955 నుంచి చిత్రశాల ఉన్నది. 1892లో పాల్ సిన్యాక్ అనే చిత్రకారుడు తన పడవలో ఇక్కడికి వచ్చి, ఈ వెలుతురుకు వశుడై స్థిరపడ్డాడు. 1904లో మతిస్ ఆయన వద్దకు వచ్చాడు. ఆ వెలుతురు ఏమిటో అక్కడి బొమ్మలు చూసి, బయటికి వచ్చి సముద్రం చూస్తే తెలుస్తుంది. మంగళ, శనివారాలలో ఉదయం ప్లాస్ దే లీస్ అనే చెట్లనీడ మైదానంలో సంత జరుగుతుంది. తక్కిన వేళలలో పెద్దవాళ్ళు ఇనుపగుండ్లు విసురుతూ పెతాంక్ ఆడుకుంటారు. మన రచ్చబండ గుర్తుకు వస్తుంది. స్నానాలు చేసే పేరుపడ్డ పాంపెలొన్ ఇసుకతీరం ఈ ఊరిది కాదు, పొరుగున ఉన్న రామతుయెల్ గ్రామానిది. సుమారు అయిదు కిలోమీటర్ల పొడవు. అద్దె కుర్చీలవారికి డబ్బు చెల్లించనక్కరలేని ఉచితభాగాలు కూడా ఉన్నాయి, వాటిని వెతుక్కోండి.

రేవుచుట్టూ కనిపించే రంగురంగుల ఇళ్ళలో చాలాభాగం పాతవి కావు. 1944 ఆగస్టులో జర్మన్లు వెళ్ళిపోతూ రేవును పేల్చివేశారు. తరువాత పాత పోలికలోనే కట్టుకున్నారు. పోయినదాన్ని ఓపికగా మళ్ళీ కట్టుకోవటం ఈ ఊరివారికి 1470 నుంచి వస్తున్న అలవాటు.

డబ్బున్నవారు ఈ సముద్రాన్ని ఒక దృశ్యంగా చూస్తారు. ఈ ఊరివారికి అది దారి. ఆ దారి వెంటే ఒకడు మన తీరానికి యుద్ధానికి వచ్చాడు, ఒకడు మన దేశానికి కొలువుకు వచ్చాడు, ఒక పిల్ల మాత్రం తాను ఎంచుకోని ప్రయాణంలో అటు వెళ్ళి అక్కడే మట్టిలో కలిసింది. మొదటి ఇద్దరినీ చరిత్ర పుస్తకాలు చూసుకుంటాయి. మీరెప్పుడైనా అటు వెళ్తే మూడవ ఆమె ప్రతిమ ముందు ఒక్క నిమిషం నిలబడి, మన భాషలలో ఏదో ఒకదానిలో ఒక మాట పలకరించి రండి.

బుస్సీ చివరిరోజుల గురించి గాని, కడలూరు యుద్ధం గురించి గాని తెలిసిన మిత్రులు వ్యాఖ్యలలో పంచుకోగలరు.

స్వస్తి.