ఇడుపులపాయ – నల్లమల: 2009 సెప్టెంబరు గాలింపు చర్యలు – నిరంతర పర్యవేక్షణకు పాఠాలు

(ప్రత్యేక నేపథ్య వ్యాసం – పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం)

కడప జిల్లా వేంపల్లె మండలంలోని ఇడుపులపాయ గ్రామంలో 2009 సెప్టెంబరు 4వ తేదీ సాయంత్రం అప్పటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి అంత్యక్రియలు పూర్తి అధికార లాంఛనాలతో జరిగాయి. అంతకు రెండు రోజుల ముందు ఆయన ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమల అడవుల్లో అదృశ్యమైనప్పటి నుంచి శకలాలు కనిపించే వరకు సుమారు 23 గంటలు గడిచాయి. ఆ ఒక పగలు, ఒక రాత్రి రాష్ట్ర యంత్రాంగం, కేంద్ర ప్రభుత్వ సంస్థలు కలిసి సాగించిన గాలింపు దేశంలో జరిగిన అతి పెద్ద గాలింపు చర్యలలో ఒకటిగా నిలిచింది. రేయింబవళ్లు సాగవలసిన అత్యవసర పర్యవేక్షణ ఎప్పుడు మొదలుకావాలి, ఎవరి ఆధ్వర్యంలో నడవాలి, ప్రజలకు ఏ మాట ఎప్పుడు చెప్పాలి అనే మూడు ప్రశ్నలకు ఆ ఘటన ఇచ్చిన సమాధానాలు నేటికీ అధికారులకు, పాత్రికేయులకు ఉపయోగకరమైనవి.

ఘటనల క్రమం

2009 సెప్టెంబరు 2, బుధవారం. చిత్తూరు జిల్లా అనుపల్లి గ్రామంలో 'రచ్చబండ' కార్యక్రమాన్ని ప్రారంభించేందుకు ముఖ్యమంత్రి ఉదయం 8.38 గంటలకు హైదరాబాద్ బేగంపేట విమానాశ్రయం నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన బెల్ 430 హెలికాప్టర్‌లో బయలుదేరారు. ఆయనతో పాటు ఐ.ఎ.ఎస్. అధికారి పి. సుబ్రహ్మణ్యం, ముఖ్య భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ, పైలట్ గ్రూప్ కెప్టెన్ ఎస్.కె. భాటియా, కో-పైలట్ కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి ఉన్నారు. ప్రతికూల వాతావరణంలో కృష్ణానదిని దాటి నల్లమల మీదుగా సాగుతుండగా ఉదయం 9.27 గంటల ప్రాంతంలో ప్రమాదం సంభవించింది.

మరునాడు, సెప్టెంబరు 3వ తేదీ ఉదయం 8.30 గంటల ప్రాంతంలో కర్నూలుకు తూర్పున దాదాపు 40 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 74 కిలోమీటర్ల దూరంలో, పావురాలగుట్ట వద్ద శకలాలను వైమానిక దళ హెలికాప్టర్ గుర్తించింది. సిబ్బంది ఆ స్థలానికి చేరుకున్న తరువాత ఐదుగురూ మరణించినట్లు నిర్ధారణ అయింది. అదే రోజు ఆర్థిక మంత్రి కె. రోశయ్య ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు.

రావలసిన కబురు రాకపోవడమే తొలి సమాచారం

వరద వచ్చినప్పుడు నీరు కనిపిస్తుంది. అగ్నిప్రమాదంలో పొగ కనిపిస్తుంది. ఆకాశయానం చేసే వాహనం అదృశ్యమైనప్పుడు మాత్రం ఏదీ కనిపించదు. చేరవలసిన వేళకు చేరకపోవడం, పిలిచినప్పుడు పలకకపోవడం తప్ప వేరే ఆధారం ఉండదు. అందువల్లనే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనలు అత్యవసర స్థితిని మూడు దశలుగా విభజించాయి. అందవలసిన సందేశం 30 నిమిషాలు గడిచినా అందకపోతే 'అనిశ్చిత దశ' ప్రారంభమవుతుంది. తదుపరి ప్రయత్నాలు కూడా ఫలించకపోతే 'అప్రమత్త దశ', విస్తృత విచారణలోనూ ఆచూకీ దొరకకపోతే 'ఆపద దశ' ప్రకటించవలసి ఉంటుంది. ప్రమాదం జరిగినట్లు రుజువు కావాలని ఈ నిబంధనలు ఎదురుచూడవు. కబురు లేకపోవడాన్నే కబురుగా పరిగణిస్తాయి.

ఈ సూత్రం విమానయానానికి మాత్రమే పరిమితం కాదు. ఎగువ జలాశయం నుంచి ప్రతి గంటకు రావలసిన నీటిమట్టం వివరం రాకపోయినా, తుపాను రాత్రి తీరప్రాంత మండలం నుంచి ఫోను మోగకపోయినా దానిని 'విశేషాలు లేవు' అని నమోదు చేయరాదు. 'సమాచారం అందలేదు' అని సమయంతో సహా నమోదు చేసి, ప్రత్యామ్నాయ మార్గంలో వెంటనే విచారించాలి. పర్యవేక్షణ అధికారి తన విధుల్లో మొట్టమొదట అలవరచుకోవలసిన పద్ధతి ఇదే.

ఎవరి ఆధ్వర్యంలో?

విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు ముఖ్యమంత్రి అధ్యక్షులు. 2009 సెప్టెంబరు 2న ఆచూకీ తెలియనిది ఆ ముఖ్యమంత్రిదే. ఇటువంటి పరిస్థితిలో యంత్రాంగం ఎవరి ఆదేశం కోసమూ నిలిచిపోకుండా ఉండేందుకు అదే చట్టం రాష్ట్ర కార్యనిర్వాహక సంఘానికి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిని, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరును అధ్యక్షులుగా నిర్ణయించింది. వ్యక్తి అందుబాటులో లేకపోయినా పదవి బాధ్యత నిర్వహిస్తుందన్నది దీని అంతరార్థం.

ఆ రోజు మంత్రివర్గంలో సీనియర్ సభ్యులైన శ్రీ రోశయ్య, ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి పి. రమాకాంత్ రెడ్డి, డి.జి.పి. ఎస్.ఎస్.పి. యాదవ్ రాష్ట్ర రాజధాని నుంచి కార్యక్రమాలను సమన్వయపరిచారు. కేంద్ర హోం, రక్షణ మంత్రిత్వ శాఖలు, వైమానిక దళం, అంతరిక్ష పరిశోధన సంస్థ, కేంద్ర రిజర్వు పోలీసు దళం ఇందులో పాల్గొన్నాయి. ఇన్ని సంస్థలు ఒకేసారి కదిలినప్పుడు గాలించిన ప్రాంతాన్నే మరొకరు గాలించడం, గాలించని ప్రాంతం అలాగే మిగిలిపోవడం సహజంగా ఎదురయ్యే ఇబ్బంది. ఒకే పటం మీద, ఒకే గదిలో, ఒకే అధికారి సమక్షంలో గాలించిన భాగాలను ఎప్పటికప్పుడు గుర్తించడం మాత్రమే దీనికి పరిష్కారం.

ఆకాశం నుంచి, నేల మీద నుంచి

నల్లమల దట్టమైన అడవి. నాగార్జునసాగర్ – శ్రీశైలం పులుల అభయారణ్యం ఇక్కడే విస్తరించి ఉంది. సెప్టెంబరు నెలలో మేఘాలు కొండలను కమ్ముకుని ఉంటాయి. వర్షం, మేఘం కారణంగా మామూలు కంటిచూపుతో ఆకాశం నుంచి గాలించడం కష్టసాధ్యమైంది. 2009 ఏప్రిల్ 20న ప్రయోగించిన రీశాట్-2 ఉపగ్రహంతో ఇస్రో ఆ ప్రాంతపు చిత్రాలను తీయించింది. రాడార్ ఆధారంగా పనిచేసే ఈ ఉపగ్రహానికి మేఘాలు గాని, చీకటి గాని అడ్డురావు. వైమానిక దళం సుఖోయ్-30 విమానాన్ని రాత్రివేళ వినియోగించింది.

నేల మీద కేంద్ర రిజర్వు పోలీసులు, రాష్ట్ర పోలీసులు, అటవీ సిబ్బంది వేల సంఖ్యలో అడవిలోకి ప్రవేశించారు. అడవి బాటలు ఎరిగిన చెంచులు, చుట్టుపక్కల గ్రామాల ప్రజలు తోడ్పడ్డారు. తుదకు శకలాలను గుర్తించినది తెల్లవారిన తరువాత, వాతావరణం కొంత అనుకూలించినప్పుడు, ఆకాశం నుంచి చూసిన మనిషి కన్నే. పరికరాలు గాలింపు పరిధిని తగ్గించగలవు. అయితే రాత్రంతా సిబ్బందిని, ఇంధనాన్ని, హెలికాప్టర్లను సిద్ధంగా ఉంచి తొలి వెలుగుతో పని మొదలుపెట్టించే ఏర్పాటు పర్యవేక్షణ కేంద్రానిదే.

ధ్రువీకరించిన మాట

సెప్టెంబరు 2వ తేదీ ఉదయం హెలికాప్టర్ క్షేమంగా దిగిందని, ముఖ్యమంత్రి రోడ్డు మార్గాన ప్రయాణిస్తున్నారని వార్తలు వెలువడ్డాయి. అవి నిజం కాలేదు. ఆ వార్తలు వినిపించిన వేళకే ప్రమాదం జరిగిపోయిందని తరువాత తేలింది. ఊరట కలిగించే వార్తను తనిఖీ లేకుండా విశ్వసించడం మానవ సహజం. కానీ అటువంటి వార్త నియంత్రణ గదిలోకి వస్తే గాలింపు వేగం తగ్గే అవకాశం ఉంటుంది. అందువల్ల చెడు వార్తకు ఎంతటి నిర్ధారణ అవసరమో, మంచి వార్తకూ అంతటి నిర్ధారణ అవసరం. 'ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, ఎన్ని గంటలకు చూశారు' అనే మూడు ప్రశ్నలకు సమాధానం లేని సమాచారాన్ని ధ్రువపడని సమాచారంగానే నమోదు చేయాలి.

ప్రకటనలు ఇచ్చే అధికారికి కూడా ఇదే నియమం వర్తిస్తుంది. తెలిసిన విషయం, తెలియని విషయం, తదుపరి ప్రకటన వెలువడే సమయం – ఈ మూడూ ప్రతి ప్రకటనలో ఉండాలి. కొత్త సంగతి లేకపోయినా చెప్పిన వేళకు ప్రకటన రావాలి. ప్రభుత్వం మౌనం వహించిన ప్రతి గంటలోనూ ఆ ఖాళీని వదంతి ఆక్రమిస్తుంది. మరణాల విషయంలో గుర్తింపు పూర్తయి, కుటుంబ సభ్యులకు తెలియజేసిన తరువాతనే పేర్లు వెల్లడించాలి. హెలికాప్టర్‌లో ఉన్న ఐదుగురికీ ఐదు కుటుంబాలు ఉన్నాయన్న సంగతి ఎంతటి ఒత్తిడిలోనూ మరువరానిది.

ఇడుపులపాయలో ఏర్పాట్లు

భౌతికకాయాలను కర్నూలుకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తరలించారు. 4వ తేదీన లాల్‌బహదూర్ స్టేడియంలో ప్రజల సందర్శనార్థం ఉంచిన అనంతరం ముఖ్యమంత్రి భౌతికకాయాన్ని ఇడుపులపాయకు తీసుకువెళ్లారు. గాలింపు ముగిసినంత మాత్రాన పర్యవేక్షణ ముగియలేదు. కొండల నడుమ ఉన్న ఒక చిన్న గ్రామానికి వేంపల్లె, పులివెందుల, కడప దారుల వెంట జనం తరలివచ్చారు. ఇటువంటి సందర్భాలలో రాకపోకల క్రమబద్ధీకరణ, త్రాగునీరు, వైద్య సహాయం, అంబులెన్సుకు విడిగా దారి అనే నాలుగు అంశాలను జిల్లా యంత్రాంగం ముందుగానే చూడవలసి ఉంటుంది. శోకసమయంలో గుమిగూడే జనం విషయంలో బలప్రయోగం కన్న ముందుచూపే మేలు.

విచారణలో తేలిన విషయాలు

ఈ ప్రమాదంపై పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నియమించిన, ఆర్.కె. త్యాగి నేతృత్వంలోని సంఘం విచారణ జరిపింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పీడనానికి సంబంధించిన సూచన కనిపించడంతో సిబ్బంది దాదాపు ఆరు నిమిషాలు ఆ వివరాలు వెదకడంలో నిమగ్నమయ్యారని, అదే సమయంలో హెలికాప్టర్ తీవ్ర వాతావరణంలోకి ప్రవేశించిందని, బలమైన అధోముఖ వాయుప్రవాహం వల్ల అదుపు తప్పి వేగంగా నేలను తాకిందని సంఘం అభిప్రాయపడింది. ఒక చిన్న సమస్య వైపు అందరి దృష్టి మళ్లినప్పుడు పెద్ద ప్రమాదాన్ని గమనించేవారు ఉండరన్నది ఇందులోని హెచ్చరిక. నియంత్రణ గదిలోనూ అందరూ ఒకే ఫోను చుట్టూ చేరకుండా, మొత్తం పరిస్థితిని గమనించే బాధ్యత ఒకరికి తప్పనిసరిగా అప్పగించాలి.

నెల తిరగకుండానే మరో పరీక్ష

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదుల వరద కర్నూలు నగరాన్ని ముంచెత్తింది. శ్రీశైలం జలాశయ పూర్తి నీటిమట్టం 885 అడుగులు కాగా, నీరు దాదాపు 896 అడుగుల వరకు చేరింది. జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చింది. దిగువన విజయవాడ ప్రకాశం బ్యారేజీ వద్ద అక్టోబరు 5న సుమారు 11.10 లక్షల క్యూసెక్కులు నమోదైంది. శ్రీశైలం, నాగార్జునసాగర్, ప్రకాశం బ్యారేజీల మధ్య గంట గంటకు సమాచారం అందించుకుంటూ రేయింబవళ్లు నీటి విడుదలను నియంత్రించవలసి వచ్చింది. గాలింపులో అవసరమైన సమయ నమోదు, ధ్రువీకరణ, ఏకీకృత ఆదేశం వరద నిర్వహణలోనూ అంతే అవసరమయ్యాయి.

2021 నవంబరు 19 తెల్లవారుజామున అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో చెయ్యేరుపై గల అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన ఘటనలో పదుల సంఖ్యలో ప్రాణనష్టం జరిగింది. ఎగువన ప్రవాహం పెరిగిన సమాచారం, రాత్రివేళ నిద్రలో ఉన్న చివరి ఇంటికి చేరడానికి పట్టే సమయమే ప్రాణాలను నిర్ణయిస్తుందని ఆ విషాదం తెలిపింది.

పర్యవేక్షణ అధికారులు పాటించవలసిన అంశాలు

1. ఇరవై నాలుగు గంటల విధులను మూడు షిఫ్టులుగా విభజించాలి. ఒక షిఫ్టు నుంచి మరొక షిఫ్టుకు బాధ్యత అప్పగింత వ్రాతపూర్వకంగా, ఇద్దరు అధికారుల సంతకాలతో జరగాలి.

2. అందిన ప్రతి సమాచారాన్ని సమయం, పంపినవారి హోదా, ధ్రువీకరణ స్థితితో లాగ్‌బుక్‌లో నమోదు చేయాలి. కొట్టివేతలు చేయరాదు. సవరణను కొత్త పద్దుగా వ్రాయాలి.

3. నిర్ణీత వేళకు అందవలసిన నివేదికల జాబితా గోడపై ఉండాలి. అందని నివేదికను వెంటనే గుర్తించాలి.

4. టెలిఫోను, వైర్‌లెస్ విఫలమైతే ప్రత్యామ్నాయంగా మనిషిని పంపే ఏర్పాటు ముందే నిర్ణయించాలి.

5. పత్రికలకు ఒక్కరే అధికార ప్రతినిధిగా వ్యవహరించాలి. తదుపరి ప్రకటన సమయం ముందుగా తెలపాలి.

6. ప్రతి ఘటన అనంతరం లాగ్‌బుక్ ఆధారంగా సమీక్ష జరపాలి. ఈ సమీక్ష ఎవరినీ దోషులుగా నిలబెట్టేందుకు కాక, జాప్యం ఎక్కడ జరిగిందో తెలుసుకునేందుకు ఉద్దేశించినదై ఉండాలి.

పావురాలగుట్టకు సమీపాన గల నల్లకాల్వ వద్ద స్మృతివనం, ఇడుపులపాయలో సమాధి ప్రాంగణం ఆ దుర్ఘటనకు గుర్తులుగా ఉన్నాయి. అధికార యంత్రాంగానికి సంబంధించినంత వరకు మరొక గుర్తు కూడా ఉండాలి. ప్రతి నియంత్రణ గదిలో, ప్రతి రాత్రి, రావలసిన కబురు రాని క్షణాన్ని గమనించి ఆ సమయాన్ని వ్రాసి ఉంచే అధికారి మెలకువగా ఉండటమే ఆ గుర్తు.