ఎవరి ఇల్లు అది?

నూజెండ్లలో మా ఎదురింటి అత్తయ్యకు ఒక రేకు ట్రంకుపెట్టె ఉండేది. ఆవిడ కాపురం ఎలా సాగుతోందో ఎవరూ నోరు తెరిచి అడగనక్కర్లేదు, ఆ పెట్టె ఎక్కడుందో చూస్తే చాలు. పెట్టె ఎడ్లబండెక్కి వినుకొండ దారి పట్టిందంటే మామయ్య మళ్ళీ చెయ్యి చేసుకున్నాడన్నమాట. నెల తిరిగేసరికి పుట్టింటివాళ్ళే దాన్ని తెచ్చి దింపేవారు. చావిడి దగ్గర పెద్దమనుషులు చేరి, "వాడి కోపం పాలపొంగమ్మా, నువ్వే సర్దుకుపోవాలి" అని తీర్పు చెప్పేవారు. కొట్టినాయన అరుగు మీద కూర్చునేవాడు, దెబ్బలు తిన్న మనిషి కింద నిలబడేది. నాకప్పుడు అది వింతగా తోచలేదు.

ఆ రోజుల్లో చట్టం లేదా అంటే, లేకేం! పల్నాడు చెన్నపట్నం ఏలుబడిలో ఉన్ననాటి నుంచీ ఉంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 488వ సెక్షను ప్రకారం, పెళ్ళాన్ని పోషించని భర్త చేత మేజిస్ట్రేటు మనోవర్తి ఇప్పించవచ్చు. నెలకు 50 రూపాయలు మించకుండా సుమండీ! 1923లో దాన్ని 100 చేశారు, 1955లో 500 చేశారు. 1973లో కొత్త కోడు రాసి సెక్షను నంబరును 125కు మార్చారు గాని ఆ 500 జోలికి పోలేదు. 2001లో గాని ఆ పరిమితి ఎత్తెయ్యలేదు. ఈ 46 ఏళ్ళలో బంగారం పెరిగింది, కందిపప్పు పెరిగింది, కేంద్రం కోడులో ఆడదాని ఆకలి మాత్రం 500 దగ్గరే ఆగిపోయింది.

1983 డిసెంబరులో 498-ఏ వచ్చింది. భార్యను హింసించిన భర్తకు, అతని బంధువులకు మూడేళ్ళ దాకా జైలు. (2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది.) మంచిదే. కాని మొగుడి మీద కేసు పెట్టిన ఇల్లాలు ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? ఒక చట్టం డబ్బిస్తానంది, ఇంకొకటి అతన్ని జైల్లో పెడతానంది. ఆ పెట్టె ఎక్కడుండాలో మాత్రం రెండూ చెప్పలేదు.

ఆ మాట చెప్పడానికి గృహహింస చట్టం రావలసివచ్చింది. 2005లో చేశారు, 2006 అక్టోబరు 26 నుంచి అమలు. కొట్టవద్దని, బెదిరించవద్దని, ఆమె పనిచేసే చోటికి వెళ్ళి అల్లరి చేయవద్దని మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 దాకా జరిమానా, రెండూ కూడా పడవచ్చు. అర్జీ పెట్టిన మూడు రోజుల్లో మొదటి వాయిదా, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి అని రాశారు. వాయిదాల సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడ నవ్వుకుంటారు, నేనూ నవ్వుకున్నాను. తలదాచుకున్న పుట్టింటి ఊరి కోర్టులోనే అర్జీ పెట్టుకోవచ్చన్నది మాత్రం నాకు ఎంతో నచ్చింది. ఆమె తరఫున నడిచి తిరగడానికి రక్షణాధికారులని పెట్టారు. మన రాష్ట్రంలో ఆ పని జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టర్లకు అప్పగించారు. నూజెండ్ల మనిషికి అప్పట్లో జిల్లా అంటే గుంటూరు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా అయ్యాక నరసరావుపేట దాకా వెళ్తే చాలు.

అసలు సంగతి 17వ సెక్షను. కలిసి కాపురమున్న ఇంట్లో, దాని మీద ఆమెకు కాగితాలున్నా లేకపోయినా, ఉండే హక్కు ఆమెకుంది. అవసరమైతే కోర్టు భర్తనే బయటికి వెళ్ళమంటుంది. అత్తగారిని మాత్రం అలా పొమ్మనడానికి వీల్లేదు. ఆడవాళ్ళను ఇల్లు ఖాళీ చేయించరాదని చట్టంలోనే ఉంది.

అయితే చట్టం అమల్లోకి వచ్చి రెండు నెలలు కాకుండానే, 2006 డిసెంబరులో, ఢిల్లీ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు అత్తగారి పేరు మీదున్న ఇంట్లో కోడలికి ఈ హక్కు లేదు పొమ్మంది. మన దేశంలో ఎంతమంది కొత్త కోడళ్ళు మొగుడి పేరు మీదున్న ఇంట్లో అడుగుపెడతారు చెప్పండి! సీతమ్మవారి వనవాసం లాగే దాదాపు 14 ఏళ్ళు గడిచాక, 2020 అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తులు ఆ తీర్పును తోసిపుచ్చారు. ఇల్లు బంధువులదైనా ఆమె నిలకడగా కాపురం చేసిన ఇల్లయితే చాలన్నారు, పెద్దవాళ్ళ హక్కునూ చూడమన్నారు. ఈలోగా 2016లో ఇంకో మార్పు. ప్రతివాది వయసొచ్చిన మగవాడే అయివుండాలన్న మాటను కొట్టేశారు. అంటే అత్తగారు కోడలి మీదా అర్జీ పెట్టవచ్చు. ఈ ముక్క చదివి అత్తలెవరైనా సంతోషిస్తే, ఆ కోర్టుకు కోడలూ రాగలదని మరిచిపోకండి.

మొన్న ఊరెళ్ళినప్పుడు ఎదురింటి అత్తయ్యకు ఇదంతా చెప్పాను. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. పెట్టె ఇంకా ఉంది, అందులో ఎండుమిరపకాయలు పోసుకుంటోంది. అంతా విని ఒక్కటే అడిగింది:

"అంతా బాగానే ఉందే అమ్మాయ్! కోర్టు లోపలికి పొమ్మంటుంది సరే, వాళ్ళు లోపల గడియ వేసుకుంటే తీయించేదెవరు?"

"దగ్గరి పోలీసు స్టేషను వాళ్ళు దగ్గరుండి తీయించాలని కూడా మేజిస్ట్రేటు ఉత్తర్వు వేయవచ్చు అత్తయ్యా" అన్నాను.

"రాత్రిపూటైనా వస్తారా?" అంది.